గేటు లేని క్రాసింగ్, తొమ్మిది గంటల లేటు: కోపం ఎవరి మీద?

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటాం. ఈమధ్య అమ్మానాన్నల్ని తీసుకుని లాంగ్ డిస్టెన్స్ రైలెక్కాం. దారిలో ఒక చిన్న ఊరి దగ్గర, గేటు లేని క్రాసింగ్‌లో మా రైలు ఒక పికప్ ట్రక్కును గుద్దింది. ట్రక్కు నడుపుతున్నాయన చనిపోయాడని తర్వాత తెలిసింది. మా పెట్టెలో ఎవరికీ దెబ్బలు తగల్లేదు. రైలు అక్కడే నాలుగు గంటలు ఆగిపోయింది. కదిలాక కూడా ఆగుతూ ఆగుతూ, చివరికి తొమ్మిది గంటలు లేటుగా చేర్చింది. అప్పటికే ఫ్లైట్ పోయింది, కొత్త టికెట్లు కొనాల్సొచ్చింది. సారీ తప్ప ఇంకేం చెప్పలేదు. అసలు అన్ని గంటలు ఎందుకు? మా డబ్బులు వెనక్కి వస్తాయా? గేట్‌మన్ ఎక్కడికి పోయాడని నాన్న ఇప్పటికీ అడుగుతున్నారు. ఇంకో విషయం, నేను రోజూ ఆఫీసుకు వెళ్ళే దారిలోనూ ఇలాంటి క్రాసింగే ఒకటుంది. ఇప్పుడు అక్కడికి రాగానే చేతులు వణుకుతున్నాయి. (పేరు రాయొద్దన్నారు)

జవాబు: మీరు రాసినవాటిలో ఆ చివరి మాటే నన్ను ఎక్కువ పట్టుకుంది, దాని దగ్గరికి తప్పకుండా వస్తాను. ముందు గంటల లెక్క తేల్చేద్దాం. ఆ లెక్క తెలియక చాలామంది కండక్టర్ మీద అరిచేస్తుంటారు, ఆ మనిషేమో అప్పుడే కిందికి దిగి, ఎవరూ చూడకూడనిది చూసి వచ్చి ఉంటాడు.

రైలు ఒక బండిని గుద్దినప్పుడు ఇంజన్‌లో ఉన్న డ్రైవర్ చేయగలిగింది ఎమర్జెన్సీ బ్రేకు వేయడం, హారన్ కొట్టడం, రేడియోలో చెప్పడం. అంతే. రైలు పూర్తిగా ఆగేసరికి ఆ క్రాసింగ్ ఎక్కడో వెనక ఉండిపోతుంది. అప్పుడు కండక్టర్ టార్చి పట్టుకుని కంకర మీద నడుచుకుంటూ, పెట్టె పెట్టెకీ వంగి చక్రాలూ బ్రేకు గొట్టాలూ చూసుకుంటూ, ఆ గుద్దిన చోటిదాకా వెళ్ళాలి. ఊళ్ళకు దూరంగా జరిగితే పోలీసుల కంటే, అంబులెన్స్ కంటే ముందు అక్కడికి చేరేది చాలాసార్లు రైలు సిబ్బందే. లోపల కూర్చున్న మనకు ఇదేమీ కనిపించదు, బండి ఎందుకో ఆగింది, ఎవరూ ఏమీ చెప్పట్లేదు, అదొక్కటే తెలుస్తుంది. ఒకవేళ ఇంజన్ బాగా దెబ్బతింటే పెట్టెల్లో లైట్లు, ఏసీ కూడా పోతాయి, ఎందుకంటే ఆ కరెంటు వచ్చేది ఇంజన్ నుంచే.

ఆ తర్వాత పోలీసులు వస్తారు. మనిషి చనిపోయి ఉంటే కరోనర్, అంటే మరణాలను విచారించే స్థానిక అధికారి, రావాలి. పెద్ద గ్రామీణ కౌంటీల్లో ఆ అధికారి గంట దూరంలో ఉన్నా ఆశ్చర్యం లేదు, ఆ పని పూర్తయ్యేదాకా రైలును కదలనివ్వరు. ఇంజన్‌లో రికార్డర్ ఉంటుంది, ఎంత వేగంతో వచ్చింది, హారన్ ఎప్పుడు కొట్టారు, బ్రేకు ఎప్పుడు వేశారు అన్నీ అందులో నమోదవుతాయి, వాటిని భద్రం చేయాలి. పట్టాలు ఎక్కడైనా వంగాయేమో చూడటానికి ట్రాక్ మనుషులు రావాలి. బ్రేకులు మళ్ళీ పరీక్షించాలి.

ఇక డ్రైవర్ సంగతి. కళ్ళెదుట ఒక మనిషి చనిపోవడం చూసి, ఆపలేకపోయి, అదే సీట్లో కూర్చుని మిగతా రాత్రంతా బండి నడపమంటే ఎవరివల్ల అవుతుంది? 2008లో వచ్చిన రైల్వే భద్రతా చట్టం, దాని కింద 2014లో ఫెడరల్ రైల్‌రోడ్ అడ్మినిస్ట్రేషన్ (రైలు భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) పెట్టిన నియమం ప్రకారం, అలాంటి సంఘటన తర్వాత సిబ్బంది ఇక ఈరోజు నావల్ల కాదంటే ఆ డ్యూటీ నుంచి దించేయాలి. వాళ్ళ బదులు ఇంకొకళ్ళు వ్యాన్‌లో రావాలి. దీనికి తోడు, రైలు సిబ్బంది ఎవరైనా ఏకబిగిన 12 గంటలకు మించి డ్యూటీ చేయకూడదని చట్టం ఉంది. మామూలుగా అయితే డ్యూటీ దిగాల్సిన స్టేషన్ వాళ్ళ 12 గంటల్లోపే వచ్చేస్తుంది. నాలుగు గంటలు పొలాల మధ్య ఆగిపోయాక రాదు. అప్పుడు ఆ 12 గంటలు పూర్తయిన చోటే, అది స్టేషన్ అయినా కాకపోయినా, బండి ఆపి కొత్త సిబ్బంది కోసం చూడాల్సిందే. మీ రైలు రెండోసారి ఎక్కడో ఏ ఊరూ లేని చోట చాలాసేపు ఆగి ఉంటే కారణం ఇదే కావచ్చు.

ఆ మొదటి నాలుగు గంటలకు నేనెవరినీ తప్పు పట్టను. ఒక మనిషి చనిపోయాడు, ఆ పని అంత టైము తీసుకుంటుంది, తీసుకోవాలి కూడా. నాకు కోపం తెప్పించేది ఆ తర్వాత అయిదు గంటలు.

అమెరికాలో దూరప్రాంతాల ప్యాసింజర్ రైళ్ళు 1971 నుంచి ఆమ్‌ట్రాక్ అనే సంస్థ నడుపుతోంది, కానీ ఈశాన్య రాష్ట్రాల్లో కొంత భాగం తప్పిస్తే ఆ పట్టాలు చాలావరకు గూడ్స్ కంపెనీలవి. బండి సరిగ్గా టైముకు నడుస్తున్నంతసేపూ దానికంటూ ఒక దారి ఉంటుంది, ఎక్కడ ఏ బండి ఎదురొస్తే ఎవరు ఆగాలో ముందే అనుకుని ఉంటారు. ఒక్కసారి ఆ టైము తప్పిందా, సింగిల్ లైన్ మీద ఎదురొచ్చే ప్రతి బండికీ ఆగాల్సిందే. పోనీ గూడ్స్ బండిని పక్కనుండే లూప్ లైన్‌లో పెట్టి ప్యాసింజర్‌ని వదలొచ్చు కదా అంటే, ఇప్పుడు రెండు మైళ్ళ పొడవున్న గూడ్స్ బండ్లు నడుపుతున్నారు, అవి చాలాచోట్ల లూప్ లైన్‌లో పట్టవు. పట్టేది చిన్నగా ఉన్న మీ రైలు. కాబట్టి పక్కకు తప్పుకునేది మీరే.

నిజానికి చట్టం దీనికి పూర్తిగా ఉల్టా చెబుతోంది. ప్యాసింజర్ రైలుకే ముందు దారి ఇవ్వాలని 1973 నుంచీ ఉంది. కోర్టులో కేసు వేసి అమలు చేయించే అధికారం మాత్రం ఒక్క న్యాయశాఖకే ఇచ్చారు, ఆ శాఖ 1979లో సదరన్ పసిఫిక్ అనే రైల్వే కంపెనీ మీద ఒక కేసు వేసింది, మళ్ళీ 2024లో నార్ఫోక్ సదరన్ మీద ఇంకోటి వేసింది. మధ్యలో నలభై అయిదేళ్ళు. ప్రయాణికుడి టైముకు ఎంత విలువ ఇస్తున్నారో దీన్నిబట్టే తెలుస్తోంది, నాకైతే ఇది చాలా అన్యాయంగా అనిపిస్తుంది. మీ ఫిర్యాదు ఉత్తరంలో ప్రమాదం గురించి రెండు ముక్కలు రాసి, కదిలాక జరిగిన ఆలస్యం గురించి వివరంగా రాయండి.

డబ్బుల విషయం త్వరగా చెప్పేస్తాను, శుభవార్త తక్కువ కాబట్టి. రైలు ఇన్ని గంటలు లేటైతే ఇంత పరిహారం ఇవ్వాలని అమెరికాలో ఫెడరల్ చట్టమేదీ లేదు. కస్టమర్ రిలేషన్స్‌కి రాస్తే వోచర్ లాంటిదేదో ఇవ్వొచ్చు, అది వాళ్ళ ఇష్టం, అయినా అడగడం మానకండి. రైలు నుంచి రైలుకు ఒకే రిజర్వేషన్ కింద బుక్ చేసుంటే, కనెక్షన్ తప్పినప్పుడు వాళ్ళే చూసుకుంటారు. మీరు ఫ్లైట్ విడిగా కొన్నారు, కాబట్టి దాని పూచీ వాళ్ళది కాదంటారు. టికెట్లు ఏ క్రెడిట్ కార్డుతో కొన్నారో ఆ కార్డుకి ట్రిప్ డిలే ఇన్సూరెన్స్ ఉందేమో ఇవాళే చూడండి, చాలా కార్డులకు ఉంటుంది, మనవాళ్ళు దాన్ని అసలు చూడరు. క్లెయిమ్‌కి గడువు ఉంటుంది, కొత్త టికెట్ల రసీదులు, రైలు లేటైనట్టు వచ్చిన మెసేజీలు దాచుకోండి. అమ్మానాన్నల్లో ఎవరికైనా మెడనొప్పో నడుంనొప్పో మొదలైతే, అదే తగ్గుతుందిలే అనుకోకుండా డాక్టర్‌కి చూపించి, రైలు కంపెనీకి కూడా రాతపూర్వకంగా తెలియజేయండి. ఇకముందు ఒక్క నియమం పెట్టుకోండి: లాంగ్ డిస్టెన్స్ రైలు దిగిన రోజే ఫ్లైట్ వద్దు, ఒక రాత్రి మధ్యలో పెట్టుకోండి.

నాన్నగారి ప్రశ్న చాలా న్యాయమైంది. గేట్‌మన్ ఎక్కడికీ పోలేదు నాన్నగారూ, అక్కడ అసలు లేడు. అమెరికాలో రెండు లక్షలకు పైగా రైల్వే క్రాసింగులున్నాయి. గేటున్న చోట కూడా అది దానంతటదే పడుతుంది, పట్టాల్లో ఉన్న సర్క్యూట్ రైలు రాకను పసిగట్టి లైట్లు వెలిగిస్తుంది. లైట్లూ గేట్లూ ఏమీ లేకుండా, ఇంటూ గుర్తులా ఉండే తెల్ల బోర్డు ఒక్కటే పెట్టి వదిలేసిన క్రాసింగులు వేలకు వేలున్నాయి. ఆ బోర్డుకి అర్థం రైలుకి దారివ్వమని. చూడటం, వినడం, ఆగడం అన్నీ రోడ్డు మీద వెళ్ళేవాళ్ళ పనే.

2022 జూన్ 27న మిసోరిలో మెండన్ అనే చిన్న ఊరి దగ్గర జరిగింది ఇదే. లాస్ ఏంజెలెస్ నుంచి షికాగో వెళ్తున్న సౌత్‌వెస్ట్ చీఫ్ అనే రైలు, గంటకు దాదాపు 90 మైళ్ళ వేగంతో, కంకర లోడుతో ఉన్న డంప్ ట్రక్కును గుద్దింది. రైలు పట్టాలు తప్పి పెట్టెలు పక్కకు పడిపోయాయి. ముగ్గురు ప్రయాణికులు, ట్రక్కు డ్రైవర్ చనిపోయారు, దాదాపు 150 మంది గాయపడ్డారు. అక్కడ స్టాప్ బోర్డు ఉంది, ట్రక్కు ఆగలేదు. కానీ ఇలాంటి ప్రమాదాలను విచారించే నేషనల్ ట్రాన్స్‌పోర్టేషన్ సేఫ్టీ బోర్డు అంతటితో వదిలేయలేదు. ఆ రోడ్డు పట్టాలదాకా నిటారుగా ఎక్కుతుంది, పైగా పట్టాలను అడ్డంగా కాకుండా ఏటవాలుగా దాటుతుంది, లోడుతో ఉన్న ట్రక్కుకి అక్కడ ఆగడమూ కష్టమే, ఆగి వెనక్కి తిరిగి రైలును చూడటమూ కష్టమే అని తేల్చింది. ఇంకా బాధ కలిగించే సంగతి, ఆ క్రాసింగ్‌కి లైట్లు, గేట్లు పెట్టాలని రాష్ట్ర ప్రణాళికలో అప్పటికే రాసి ఉంది. పని మొదలవలేదు. నలుగురు పోయాక ఆ క్రాసింగ్‌ని మూసేశారు, మరుసటి ఏడాది ఇలాంటి క్రాసింగుల కోసం రాష్ట్రం 5 కోట్ల డాలర్లు కేటాయించింది.

అందుకే మీ రైలు గుద్దిన ట్రక్కు డ్రైవర్‌ని తిట్టుకోకండి అని అడుగుతున్నాను. ఆయన తొందరపడి ఉండొచ్చు. ఎండ కళ్ళలో పడి ఉండొచ్చు, చెట్లు అడ్డొచ్చి ఉండొచ్చు. మనకు తెలియదు. ఏటా రెండు వేలకు పైగా ఇలాంటి ఢీకొనడాలు జరుగుతున్న దేశంలో వాళ్ళందరూ మూర్ఖులే అనుకుంటే ఒక్క క్రాసింగ్ కూడా బాగుపడదు.

ఇప్పుడు మీ దారిలో ఉన్న క్రాసింగ్ దగ్గరికి వద్దాం. మీ చేతులు వణకడంలో తప్పేమీ లేదు, ఆ ప్రమాదం గుర్తు రావడం సహజం. కొన్ని వారాలైనా తగ్గకపోతే, నిద్ర పట్టకపోతే కౌన్సిలర్‌ని కలవండి, దానికి మొహమాటపడొద్దు. వణుకు కాస్త తగ్గాలంటే అక్కడ ఏం చేయాలో చేతులకు అలవాటు కావాలి.

ముందుగా, మీ కళ్ళు మిమ్మల్ని మోసం చేస్తాయని గుర్తుపెట్టుకోండి. పెద్ద వస్తువు కదులుతుంటే అసలు వేగం కంటే నెమ్మదిగా వస్తున్నట్టు కనిపిస్తుంది. హెర్షెల్ లైబోవిట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1985లో రైల్వే క్రాసింగ్ ప్రమాదాలకు ఇదీ ఒక కారణమని రాశాడు. పైగా రైలు దాదాపు మీకు ఎదురుగానే వస్తుంటే అది కదులుతున్నట్టే అనిపించదు, కొంచెం కొంచెం పెద్దదవుతున్నట్టు ఉంటుంది, ఆ తర్వాత ఒక్కసారిగా మీద పడుతుంది. చాలా లైన్లలో ప్యాసింజర్ రైలు గంటకు 79 మైళ్ళదాకా వెళ్తుంది, అంటే సెకనుకు దాదాపు 116 అడుగులు. లైట్లున్న క్రాసింగుల్లోనే రైలు రావడానికి కనీసం 20 సెకన్ల ముందు హెచ్చరిక మొదలవ్వాలని నియమం. ఆ 20 సెకన్లలో మీరు ఫోన్ పక్కన పెట్టి తలెత్తేసరికి అయిదు పోతాయి. మీ దారిలోదీ గేటు లేని క్రాసింగే అంటున్నారు, లైట్లు కూడా లేకపోతే ఆ 20 సెకన్లు కూడా మీకు ఎవరూ ఇవ్వరు. "వచ్చేలోపు దాటేయొచ్చు" అనే అంచనా అసలు వేయొద్దు, రైలు కనిపిస్తే ఆగడమే.

దగ్గరికి రాగానే పాటలు ఆపేసి, కిటికీ అద్దం దించండి. చలికాలమైనా సరే. హారన్ రెండుసార్లు పొడుగ్గా, ఒకసారి పొట్టిగా, మళ్ళీ ఒకసారి పొడుగ్గా వినిపిస్తుంది, అది క్రాసింగ్ కోసమే కొడతారు. కొన్ని ఊళ్ళలో మాత్రం చప్పుడు భరించలేమని క్వయట్ జోన్ పెట్టించుకున్నారు, అక్కడ మామూలుగా హారన్ కొట్టరు, కాబట్టి వినపడలేదు కదా అని కదలొద్దు. అటూ ఇటూ చూడండి, మళ్ళీ చూడండి. రెండు లైన్లుంటే ఒక బండి వెళ్ళగానే బయల్దేరకండి, దాని వెనక నుంచి రెండో లైన్‌లో ఇంకో బండి రావచ్చు, ఈ రెండో రైలు కింద పడి పోయినవాళ్ళున్నారు. పట్టాలు దాటాక మీ కారు మొత్తం పట్టేంత జాగా అవతల కనిపిస్తేనే పట్టాల మీదికి వెళ్ళండి, ముందు కారు కదిలాక వెళ్దాంలే అని పట్టాల మీద ఆగొద్దు. అసలు దాటుతూ గేరు మార్చొద్దు. పట్టాల పక్కనే మలుపు ఉంటే మ్యాప్ చెప్పే "కుడివైపు తిరగండి" అనే మాట నమ్మి పొరపాటున పట్టాల మీదికే తిరిగినవాళ్ళున్నారు, చీకట్లో ఆ జాగ్రత్త ఇంకా కావాలి.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. రేపు ఆఫీసుకు వెళ్ళేటప్పుడు, సురక్షితంగా పక్కకు ఆపుకుని, ఆ క్రాసింగ్ దగ్గర నీలం రంగు బోర్డు ఎక్కడుందో వెతకండి. చిన్నదే. స్తంభానికో, పక్కనున్న సిగ్నల్ పెట్టెకో ఉంటుంది. దాని మీద ఒక ఫోన్ నంబరు, దాని కింద ఆరు అంకెలు, చివర ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటాయి. ఆ ఆరంకెల నంబరు ఆ క్రాసింగ్‌కి ఒక్కదానికే ఉండే పేరులాంటిది. ఆ ఫోన్ నేరుగా రైల్వే కంపెనీ వాళ్ళకు పోతుంది, ఆ లైన్‌లో వస్తున్న రైళ్ళకు రేడియోలో చెప్పి ఆపించగలిగేది వాళ్ళే. ఈ బోర్డులు 2015 నుంచి దేశమంతా తప్పనిసరి, అయినా రోజూ దాని పక్కనుంచే వెళ్ళే వందలమందికి అదేంటో తెలియదు. 911కి, అంటే ఇక్కడి ఎమర్జెన్సీ నంబరుకి, చేస్తే వాళ్ళు ముందు అది ఏ కంపెనీ లైనో, ఏ క్రాసింగో కనుక్కోవాలి, ఆ నిమిషాలే ప్రాణాల మీదికి తెస్తాయి.

కారు పట్టాల మీద ఇరుక్కుపోతే ఏం చేయాలో ఇంట్లో అందరితో ఒకసారి నోటితో చెప్పించండి. ముందు అందరూ దిగిపోవాలి, ఇంజన్ స్టార్ట్ అవుతుందేమో అని చూడొద్దు, బ్యాగులూ లాప్‌టాప్‌లూ వదిలేయండి. పట్టాలకు దూరంగా పరిగెత్తాలి, అదీ రైలు వచ్చే వైపుకి, ఏటవాలుగా. వినడానికి వింతగా ఉంటుంది గానీ, రైలు కారును గుద్దితే ముక్కలు రైలు వెళ్ళే దిక్కుకే ఎగురుతాయి, మీరూ అటే పరిగెత్తితే అవి వచ్చి తగులుతాయి. దూరంగా వెళ్ళాక నీలం బోర్డు నంబరుకి ఫోన్. బోర్డు కనపడకపోతే 911. ఇంకెక్కడైనా గేట్ల మధ్య చిక్కుకుపోతే గేటును గుద్దుకుని బయటికి వచ్చేయండి, అవి విరిగిపోయేలానే చేస్తారు, గేటు పాడవుతుందని ఆగిపోయి ప్రాణం పోగొట్టుకోవద్దు.

మళ్ళీ రైలెక్కాలా అని అమ్మానాన్న భయపడుతుంటే వాళ్ళకిలా చెప్పండి. క్రాసింగ్‌లో కారునో పికప్‌నో గుద్దినప్పుడు రైల్లో ఉన్నవాళ్ళకు మీకు జరిగినట్టే, అంటే కుదుపు, ఆలస్యం తప్ప ఇంకేమీ కాకపోవడమే ఎక్కువ. ఘోరం జరిగేది బరువైన లోడు ట్రక్కులతో. మెండన్ అలాంటిదే, 1999 మార్చిలో ఇల్లినాయ్‌లోని బర్బనే దగ్గర ఉక్కు లోడుతో ఉన్న ట్రక్కును గుద్ది సిటీ ఆఫ్ న్యూ ఆర్లీన్స్ రైల్లో 11 మంది చనిపోయిందీ అలాంటిదే. ఈసారి ఎక్కినప్పుడు పెద్ద పెట్టె పైన పెట్టకుండా కింద పెట్టించండి, అత్యవసర కిటికీ ఎక్కడుందో చూపించండి, నాన్నగారి మందులూ నీళ్ళూ చేతి సంచిలో ఉంచండి. బండి మధ్యలో ఆగినప్పుడు సిబ్బంది చెప్పకుండా కిందికి మాత్రం దిగొద్దు, పక్క లైన్‌లో బండి రావచ్చు.

ఇక ఆ ఆరంకెల నంబరు రాసుకున్నాక దాన్ని ఊరికే ఉంచకండి. ఫెడరల్ రైల్‌రోడ్ అడ్మినిస్ట్రేషన్ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే రోజుకు ఎన్ని రైళ్ళు వెళ్తాయి, ఎంత వేగంతో వెళ్తాయి, ఇంతకుముందు అక్కడ ప్రమాదాలేమైనా జరిగాయా అన్నీ వస్తాయి. ఆ కాగితం జతచేసి మీ కౌంటీ రోడ్ల శాఖకీ, రాష్ట్ర రవాణా శాఖకీ ఉత్తరం రాయండి. పొదలు పెరిగి పట్టాలు కనపడకపోతే ఫొటో తీసి పెట్టండి, రోడ్డు మిట్టగా ఉంటే అదీ రాయండి, స్కూలు బస్సులు ఆ దారిన వెళ్తుంటే అది తప్పకుండా రాయండి. డబ్బుల్లేవని జవాబొస్తే, 2021 నాటి ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ చట్టంలో ప్రమాదకరమైన క్రాసింగుల కోసమే అయిదేళ్ళకు 300 కోట్ల డాలర్ల గ్రాంటు పథకం పెట్టారని, లైట్లూ గేట్లూ పెట్టడానికి సెక్షన్ 130 అనే ఫెడరల్ పథకం కింద రాష్ట్రాలకు ఏటా విడిగా నిధులు వస్తాయని, దానికోసం మన క్రాసింగ్ పేరు పంపారా అని అడగండి. ఆ దారిన వెళ్ళే ఇంకో పదిమంది సంతకాలు కూడా పెట్టించి పంపితే ఇంకా మంచిది.